నీటి అడుగున మొహమాటం పనికిరాదు



మిర్చి కోతలు ముగిసి సరుకు గుంటూరు యార్డుకు చేరిన తర్వాత పల్నాడు పల్లెలలో కొంత తీరిక దొరుకుతుంది. ఒకప్పుడు ఆ తీరికలో ప్రయాణమంటే బంధువుల ఊరికి వెళ్ళడమో, పెళ్ళికి వెళ్ళడమో అయ్యేది. నేడు చదువుకొని ఉద్యోగాలలో చేరిన మన పిల్లల నోట వేరొక మాట వినిపిస్తున్నది. “అబ్బా, స్నేహితులందరం అండమాన్ వెళ్తున్నాము. సముద్రం అడుగున పగడాలు చూసి వస్తాము. మూడు రోజులే!”

ఈ మాటకు మన ఇళ్ళలో సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. “సముద్రంలోకా? వద్దంటే వద్దు” అన్నది మొదటిది. “సరే, జాగ్రత్తరా” అన్నది రెండవది. మొదటిది తెలియక పుట్టిన భయం, రెండవది తెలియక పుట్టిన ధైర్యం. తెలుసుకొని చెప్పే జవాబు ఈ రెండింటికీ నడుమ ఉన్నది. ఆ జవాబుకు పనికివచ్చే సంగతులను ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము.

పెదకూరపాడు నుండి ఐదుగురు స్నేహితులు బయలుదేరుతున్నారని అనుకుందాము. అందరూ ఇరవై అయిదేళ్ళ లోపు వారే. ఒకరికి చిన్ననాటి నుండి ఉబ్బసం. ఒకరికి నీళ్ళంటే లోలోపల భయం. ఒకరి చేతిలో డబ్బు తక్కువ. మిగిలిన ఇద్దరికీ ఉత్సాహం ఎక్కువ. ఏ స్నేహితుల గుంపును చూసినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

అంత దూరం ఎందుకు?

మనకూ పొడవైన సముద్రతీరం ఉన్నది కదా, పగడాల కోసం అండమాన్ దాకా ఎందుకని పెద్దలు అడగవచ్చు. విశాఖపట్నం దగ్గర రుషికొండ తీరంలో స్కూబా నేర్పుతున్న మాట నిజమే. కాని అక్కడ కనిపించేవి ప్రధానంగా రాతి గుట్టలు, వాటిని ఆశ్రయించిన చేపలు. పగడపు దిబ్బ పెరగడానికి వెచ్చని, ఉప్పని, తేటయైన నీరు కావాలి. ఎండ అడుగు వరకు చేరాలి. మన కృష్ణ, గోదావరులు మోసుకువచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి తీరపు నీటిని బురదగా మారుస్తాయి. మన పొలానికి ప్రాణం పోసే ఒండ్రు పగడానికి ఊపిరాడనివ్వదు.

అందువల్ల భారతదేశంలో పగడపు దిబ్బలు ముఖ్యంగా నాలుగు చోట్ల ఉన్నాయి. అవి గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ, తమిళనాడు తీరాన మన్నార్ సింధుశాఖ మరియు పాక్ అఖాతం, అండమాన్ నికోబార్ దీవులు, లక్షద్వీప్. లక్షద్వీప్ జనాభాలో నూటికి 95 మందికి పైగా ముస్లిములే. అయితే అక్కడికి వెళ్ళడానికి ప్రత్యేక అనుమతి పత్రం కావాలి. మన ప్రాంతపు యువకులకు సులువుగా అందేది అండమాన్. హైదరాబాదు నుండో, చెన్నై నుండో విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరుతారు. 2024లో ఆ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి నుండి ఓడలో రెండు గంటలు అటూ ఇటూగా ప్రయాణిస్తే స్వరాజ్ ద్వీప్ వస్తుంది. 2018 డిసెంబరు వరకు దాని పేరు హేవ్‌లాక్. స్కూబా కేంద్రాలలో ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి.

ఆ దీవులు మనకు పరాయివి కావు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 1921 నాటి మలబార్ తిరుగుబాటు తర్వాత ఆంగ్లేయులు ఎందరో మాపిళ్ళ ముస్లిములను ఖైదీలుగా అండమాన్‌కు తరలించారు. వారు అక్కడే నిలిచిపోయి, తాము విడిచి వచ్చిన ఊళ్ళ పేర్లనే కొత్త ఊళ్ళకు పెట్టుకున్నారు. దక్షిణ అండమాన్‌లోని మంజేరి, తిరూర్, వండూర్ అలా వెలసినవే. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనానికి పడవలు బయలుదేరేది ఆ వండూర్ నుండే. పగడాలు చూడబోయే మన పిల్లలు ఆ ఊరి పేరు వెనుక ఉన్న కన్నీటిని కూడా తెలుసుకొని వెళ్ళాలని మా కోరిక.

ఊపిరి బిగబట్టని ఈత

మన పిల్లలలో చాలామంది సాగర్ కుడి కాలువలోనో, ఊరి చెరువులోనో ఈత నేర్చినవారే. కాలువలో మునిగేవాడికి అబ్బే మొదటి విద్య ఊపిరి బిగబట్టడం. స్కూబాలో మొదటి పాఠం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఊపిరి ఎన్నడూ బిగబట్టరాదు. కాలువ ఈతగాడు తన నైపుణ్యాన్ని నమ్ముకొని ఈ ఒక్క మాటను తేలికగా తీసుకుంటే ప్రాణానికే ముప్పు.

కారణం ఇది. నేలపై మన శరీరం మీద గాలి బరువు ఎంత ఉంటుందో, పది మీటర్ల లోతు నీటిలో దానికి రెండింతల ఒత్తిడి ఉంటుంది. ఆ లోతులో నిండుగా పీల్చిన ఊపిరిని బిగబట్టి పైకి వస్తే, ఒత్తిడి తగ్గే కొద్దీ ఆ గాలి వ్యాకోచిస్తుంది. నీటి పైకి చేరేసరికి అది రెండింతల చోటు కోరుతుంది. ఊపిరితిత్తులు ఆ సాగుదలకు తట్టుకోలేక చిరిగిపోగలవు. అందుకే నింపాదిగా పీలుస్తూ, వదులుతూ, మెల్లగా పైకి రావాలని నేర్పుతారు.

వీపున కట్టుకొనే సిలిండరును మనవారు ఆక్సిజన్ సిలిండరు అంటారు. అది పొరపాటు. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలియే, శుభ్రపరిచి, తేమ తీసి, గట్టిగా కుదించి నింపుతారు. ఆ గాలిని లోతుకు తగిన ఒత్తిడిలో, పీల్చినప్పుడు మాత్రమే అందించే సాధనాన్ని 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ రూపొందించారు. సముద్రగర్భం నౌకాదళాల వారికే కాక సామాన్యులకు కూడా తెరుచుకున్నది ఆ తర్వాతనే.

చెవుల సంగతి కూడా చెప్పుకోవాలి. దిగే కొద్దీ నీరు కర్ణభేరిని లోనికి నొక్కుతుంది. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే చెవి సర్దుకుంటుంది. నొప్పి రాకముందే, దాదాపు ప్రతి మీటరుకూ ఇలా చేస్తూ దిగాలి. జలుబు చేసి ఉన్నవారికి ఇది సాధ్యపడదు. కనుక జలుబు ఉన్న రోజున దిగకూడదు. మూడు రోజుల సెలవులో జలుబు పట్టుకుంటే యాత్ర వృథా అయినట్లు అనిపిస్తుంది. కాని చెవిపోటుతో జీవితాంతం బాధపడడం కన్న ఒడ్డున కూర్చొనడం మేలు.

మూడు రోజుల లెక్క

ఈ సెలవులో మొదటి ప్రమాదం పేరు తొందర. అది సముద్రంలో కాదు, టిక్కెట్టు కొనే రోజుననే మొదలవుతుంది.

నీటి అడుగున ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో, కండరాలలో కరిగిపోతుంది. పైకి వచ్చిన తర్వాత అది నిదానంగా శ్వాస ద్వారా వెలుపలికి పోవాలి. గోలీ సోడాలో గోలీని నొక్కగానే బుడగలు ఎలా ఎగసివస్తాయో మనకు తెలుసు. సీసాలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గడమే దానికి కారణం. నీటి నుండి వచ్చిన కొద్ది గంటలకే విమానం ఎక్కితే శరీరంలో అదే జరగవచ్చు. ఎగిరే విమానం లోపల గాలి ఒత్తిడి ఇంచుమించు 2,400 మీటర్ల ఎత్తైన కొండపై ఉన్నంత తక్కువగా ఉంటుంది. మిగిలిన నత్రజని బుడగలై కీళ్ళలో నొప్పి, తిమ్మిరి, తల తిరుగుడు కలిగించవచ్చు. తీవ్రమైతే కాళ్ళు చేతులు పడిపోవచ్చు. అటువంటి రోగిని మళ్ళీ ఒత్తిడి గదిలో ఉంచి చికిత్స చేయాలి. ఆ గదులు ప్రతి ఆసుపత్రిలోనూ ఉండవు.

అందువల్ల ఒక్కసారి మాత్రమే దిగినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు దిగినవారు కనీసం 18 గంటలు విమానం ఎక్కరాదన్నది అంతటా పాటించే నియమం. మరింత జాగ్రత్త కోరేవారు పూర్తిగా ఒక రోజు ఆగమంటారు. మన ఐదుగురు తొలిరోజు దీవి చేరి, రెండవ రోజంతా ఫోటోలలో గడిపి, మూడవ రోజు ఉదయం ఎనిమిదింటికి నీటిలో దిగి, ఓడ పట్టుకొని మధ్యాహ్నానికే విమానం ఎక్కాలని పథకం వేశారనుకుందాము. ఆ పథకం తప్పు. అవే మూడు రోజులలో క్రమం మార్చితే చాలు. రెండవ రోజు ఉదయమే నీటిలో దిగాలి. మిగిలిన కాలంలో తీరం, అడవి, సెల్యులార్ జైలు చూడాలి. విమానం మరునాడు మధ్యాహ్నం ఉండాలి. సముద్రం ముందు, షికారు తర్వాత అన్న ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు.

కాలం కూడా చూసుకోవాలి. మే నెల రెండవ సగం నుండి నైరుతి ఋతుపవనాలు వస్తే అలలు పెరిగి నీరు కలక బారుతుంది. నవంబరు నుండి ఏప్రిల్ వరకు అనువైన కాలం. సిలిండరులోని గాలి పొడిగా ఉంటుంది కనుక శరీరంలో నీరు తగ్గుతుంది. నీరు తగ్గిన శరీరానికి పైన చెప్పిన బుడగల ముప్పు పెరుగుతుంది. కనుక ఉపవాసం ఉండి నీటిలో దిగడం తగదు. రమజాన్ నెలను ఈ యాత్రకు ఎంచుకోకపోవడం అన్ని విధాలా మంచిది.

స్నేహితులు కలిగించే ప్రమాదం

రెండవ ప్రమాదం తొందర కన్న పెద్దది. దాని పేరు మొహమాటం.

దిగడానికి ముందు ప్రతివారి చేత ఆరోగ్య పత్రం నింపిస్తారు. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు, చెవి వ్యాధి, ఇటీవలి శస్త్రచికిత్స, గర్భం ఉన్నాయా అని అందులో అడుగుతారు. ఉబ్బసం ఉన్న మన పిల్లవాడు అక్కడ నిజం రాస్తే వైద్యుని అనుమతి లేనిదే దింపరు. పక్కనున్న స్నేహితుడు, “ఏం కాదులేరా, లేదని టిక్కు పెట్టు, అంత దూరం వచ్చాము కదా” అంటాడు. అన్నవాడు చెడ్డవాడు కాడు. తన స్నేహితుడు ఒడ్డున ఒంటరిగా మిగిలిపోకూడదన్నదే అతని ఆరాటం. కాని ఉబ్బసంలో శ్వాసనాళాలు బిగుసుకొని, ఊపిరితిత్తులలో గాలి చిక్కుకొని పోవచ్చు. పైకి వచ్చేటప్పుడు చిక్కిన గాలి వ్యాకోచిస్తే ఏమవుతుందో పైన చెప్పుకున్నాము. ఆ చిన్న టిక్కు ఒక ప్రాణం విషయంలో చెప్పిన అబద్ధం. శరీరం మన దగ్గర ఉన్న అమానత్ అని నమ్మే మనం ఆ పత్రంలో నిజమే రాయాలి. వీలైతే ప్రయాణానికి ముందే నరసరావుపేటలోనో, గుంటూరులోనో వైద్యునికి చూపించుకొని బయలుదేరాలి.

నీళ్ళంటే భయమున్న పిల్లవాడి పరిస్థితి మరింత సున్నితం. “ఇంత దూరం వచ్చి భయపడతావేంట్రా?” అన్న ఒక్క మాటకు సిగ్గుపడి అతడు దిగుతాడు. లోతున భయం పట్టుకుంటే మనిషి వేగంగా ఊపిరి తీస్తాడు, నోటిలోని గొట్టం ఊడబీకుతాడు, ఊపిరి బిగబట్టి ఒక్క ఉదుటున పైకి పోవాలని చూస్తాడు. అటువంటి క్షణంలో శిక్షకుని బలం కూడా చాలకపోవచ్చు.

ఈ సంగతి తెలిసినందువల్లనే సముద్రంలో దిగేవారు తమలో ఒక మర్యాదను ఏర్పరచుకున్నారు. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా దిగడం మానుకోవచ్చు. మధ్యలోనైనా ఆపవచ్చు. కారణం చెప్పనవసరం లేదు. అడిగే హక్కు ఎవరికీ లేదు. ఎగతాళి చేయడం పెద్ద తప్పు. మన ఇళ్ళలో, మన స్నేహాలలో ఇటువంటి నియమం ఒకటి ఉంటే ఎంత బాగుండునో ఆలోచించండి. పెళ్ళి విందు అప్పు చేసి పెట్టలేనని ఒకరు, బైకు అంత వేగంగా నడపవద్దని ఒకరు నోరు తెరిచి చెప్పలేకనే కదా ఎన్నో నష్టాలు జరుగుతున్నవి!

అక్కడ స్నేహానికి అర్థం కూడా వేరు. ఎవరూ ఒంటరిగా దిగరు, జంటగా దిగుతారు. దిగే ముందు ఒకరి పరికరాలు మరొకరు పరీక్షిస్తారు. ఒకరి గాలి అయిపోతే మరొకరు తమ సిలిండరుకున్న రెండవ గొట్టాన్ని అందిస్తారు. మాటలు ఉండవు, సైగలే. బొటనవేలు పైకి చూపితే మన వాడుకలోని “భేష్” అని కాదు, “పైకి పోదాము” అని అర్థం. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే “బాగున్నాను” అని. ఒకరు పైకి పోదామంటే రెండవవారు వాదించరు, వెంట వెళతారు. స్నేహితుని చేతి సైగను గౌరవించడం అక్కడ అతని ప్రాణాన్ని గౌరవించడమే.

డబ్బు తక్కువ ఉన్న స్నేహితుని మాట మరువరాదు. యాత్ర పథకం వేసే ముందే ఖర్చు మొత్తం కాగితం మీద రాసి అందరికీ చూపాలి. అప్పు చేసి రానక్కరలేదని, నీటిలో దిగకుండా ఒడ్డున మాతో ఉన్నా చాలునని చెప్పగలిగినదే మంచి స్నేహం.

అతిథి మర్యాద

ఇన్ని జాగ్రత్తలు పాటించి దిగినవారికి కనిపించే లోకం మాటలకు అందదు. పగడపు దిబ్బ రాయివలె కనిపించినా రాయి కాదు. పాలిప్ అనే అతి చిన్న జీవులు గుంపులుగా జీవిస్తూ, తమ చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటాయి. తరాల తరబడి కట్టిన గూళ్ళే దిబ్బలవుతాయి. పిడుగురాళ్ళ బట్టీలలో కాల్చే సున్నపురాయి, ఆ గూడు ఒకే పదార్థం. మన పల్నాటి సున్నపురాయి కూడా ఎన్నో కోట్ల ఏళ్ళ క్రితం ఒక ప్రాచీన సముద్రపు అడుగున ఏర్పడినదే. అమరావతి స్తూపానికి చెక్కిన పలకలు ఆ రాతివే. అంటే సముద్రగర్భం పెదకూరపాడు పిల్లలకు పూర్తిగా కొత్త కాదు, వారి పల్నాటి రాయి కూడా ఒకనాటి సముద్రానిదే.

దివ్య ఖుర్‌ఆన్‌లోని సూరె రహ్మాన్‌లో ముత్యాలతోపాటు మర్జాన్ ప్రస్తావన ఉన్నదని, దానిని పగడమని అనువదిస్తారని పాఠకులకు తెలుసు. ఆభరణాలలో వాడే ఎర్ర పగడం వేరు జాతి, దిబ్బలు కట్టే పగడం వేరు. అయినా ఆ పేరు వినగానే మన మనస్సులో కలిగే గౌరవం ఈ జీవికి కూడా చెందాలి.

బండవలె పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది. కొమ్మలుగా పెరిగే జాతులు కొంత వేగంగా పెరుగుతాయి. కాలి రెక్క తగిలి విరిగిన ఒక ముక్క వెనుక ఎన్నో ఏళ్ళ శ్రమ ఉంటుంది. ఫోటో కోసం పగడాన్ని పట్టుకొనడం, దానిపై నిలబడడం అందుకే తగదు. దాని రంగు కూడా దాని లోపల ఆశ్రయం పొందిన సూక్ష్మ నాచు ఇచ్చినదే. ఆహారంలో అధిక భాగాన్ని కూడా ఆ నాచే సమకూరుస్తుంది. నీటి వేడి మామూలు కన్న ఒకటి రెండు డిగ్రీలు పెరిగి వారాల తరబడి నిలిస్తే, పగడం ఆ నాచును వెళ్ళగొట్టి తెల్లబారుతుంది. వేడి తగ్గకపోతే మరణిస్తుంది. అండమాన్ దిబ్బలు 2010లోనూ, 2016లోనూ ఇలా తెల్లబారాయి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచ వ్యాప్తంగా నాలుగవసారి ఈ విపత్తు నడుస్తున్నదని శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ ఏడాది లక్షద్వీప్ కూడా దెబ్బతిన్నది.

మన చేతులతో చేసిన నష్టమూ ఉన్నది. తమిళనాడులోని తూత్తుకుడి తీరాన దశాబ్దాల పాటు పగడపు రాళ్ళను తవ్వి సున్నపు బట్టీలకు తరలించారు. నేడు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులికి ఉన్న రక్షణే దిబ్బలు కట్టే పగడానికీ ఉన్నది. ఒడ్డున దొరికిన ముక్కనైనా “అమ్మీకి చూపిస్తాను” అని సంచిలో వేసుకొని రావడం నేరం.

తల్లిదండ్రులకు

మీ బిడ్డ అనుమతి కోరినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. ఆ కేంద్రానికి, శిక్షకునికి గుర్తింపు ఉన్నదా? ఒక శిక్షకుని చేతికింద ఎంతమంది దిగుతారు? ముందుగా లోతు తక్కువ నీటిలో సాధన చేయిస్తారా? ఎంత లోతు తీసుకుపోతారు? తొలిసారి దిగేవారిని 12 మీటర్లకు మించి తీసుకుపోరాదు. చివరిసారి నీటి నుండి వచ్చిన తర్వాత విమానానికి ఎన్ని గంటల వ్యవధి ఉన్నది? ఆరోగ్య పత్రంలో ఏమి రాయబోతున్నావు? జవాబులు స్పష్టంగా ఉంటే అనుమతించండి.

ఆడపిల్లలు అడిగితే వారికి కూడా ఇవే ప్రశ్నలు, ఇదే న్యాయం. వారు కుటుంబంతో కలిసి వెళ్ళవచ్చు. నీటి దుస్తులు మెడ నుండి మడమల వరకు కప్పుతాయి కాని ఒంటికి బిగుతుగా ఉంటాయి. కనుక స్త్రీ శిక్షకులు ఉన్నారా, దుస్తుల విషయంలో తమ పద్ధతిని మన్నిస్తారా అని ముందే ఫోనులో మాట్లాడుకోవాలి. అక్కడికి వెళ్ళిన తర్వాత అడగడానికి మళ్ళీ మొహమాటమే అడ్డువస్తుంది.

తవక్కుల్ అంటే జాగ్రత్తను వదలివేయడం కాదని మనకు తెలుసు. జాగ్రత్తలన్నీ చెప్పిన తర్వాత, బిడ్డ సంచి భుజాన వేసుకొనే వేళ మరొక్క మాట చెప్పి పంపండి. “అక్కడికి వెళ్ళాక మనసు ఒప్పకపోతే దిగకు. కట్టిన డబ్బు పోతే పోనీ. నీ స్నేహితుడు వద్దంటే అతనిని బలవంతం చేయకు. దిగకుండా తిరిగి వచ్చావని ఈ ఇంట్లో ఎవరూ నిన్ను చిన్నచూపు చూడరు.” ఈ మాట విని వెళ్ళిన బిడ్డకు ఆరోగ్య పత్రంలో నిజం రాసే ధైర్యం ఉంటుంది.

అల్లాహ్ మన పిల్లల ప్రయాణాలను క్షేమకరం చేయుగాక. ఆమీన్.